అలసందల పులుసు అమ్మ చేసినట్టు రావడం లేదు, గింజే ఉడకడం లేదు

పెన్నా_ఒడ్డు (అనంతపురం), జనవరి 6, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. అక్క కాన్పుకని అమ్మ బెంగళూరు పోయి నెల దాటింది, ఇంకో రెండు నెలలు అక్కడే ఉంటుంది. ఊర్లో నాయన ఒక్కడే వండుకోలేడని నా రూముకు పిలుచుకొచ్చాను. మాది తాడిపత్రి పక్కన పల్లె. నాయనకు 68 ఏళ్ళు, పోయిన ఏడాది దవడ పళ్ళు నాలుగు తీసేశారు. మెత్తగా ఉంటేనే తినగలడు.

రాగిముద్ద చేయడం నేర్చుకున్నాను. దాంట్లోకి అలసందల పులుసంటే నాయనకు ప్రాణం. మూడు సార్లు చేశాను, మూడు సార్లూ ఒకటే తంటా. చేసిన పద్ధతి ఇది: ఒక గ్లాసు ఎండు అలసందలు రాత్రి నానబెట్టాను. పొద్దున కుక్కర్లో అలసందలు, రెండు వంకాయలు, ఒక ఉర్లగడ్డ, మూడు టమోటాలు, చింతపండు రసం, ఉప్పు, కారం అన్నీ ఒకేసారి వేసి ఆరు విజిల్స్ రానిచ్చాను. మూత తీసి చూస్తే వంకాయ కరిగిపోయింది. గింజ మాత్రం నమిలితే పిండి పిండిగా, లోపల బిరుసుగా ఉంది.

నాయన ఏమీ అనలేదు. పులుసు ముద్దకు అద్దుకుని తిని, గింజలన్నీ తట్ట అంచుకు నెట్టి పెట్టాడు. మూడు రోజులూ అంతే. చూసి మనసు కష్టమైంది.

అమ్మకు ఫోన్ చేస్తే "కంటికే తెలుస్తుంది లేరా, అందాజుగా వెయ్యి" అంటుంది. నా కంటికి తెలియడం లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి.


గుత్తి_అక్క (గుత్తి), జనవరి 6, రాత్రి 10:05

తమ్ముడూ, నీ తప్పు చదవగానే కనిపించింది. చింతపండు, టమోటా ముందే వేశావు. పులుపు తగిలిన గింజ బిగుసుకుపోతుంది, ఆ తర్వాత ఎన్ని విజిల్స్ పెట్టినా అంతే. మా అత్త నాకు మొదట నేర్పింది ఇదే: గింజ వేళ్ళ మధ్య నలిగేదాకా పులుపు పొయ్యి దగ్గరికి కూడా రాకూడదు.

ఇట్లా చెయ్యి. ఇద్దరికి అర గ్లాసు అలసందలు చాలు. నానిన గింజలు ఉత్త నీళ్ళలో, రెండు చుక్కల నూనె వేసి, కుక్కర్లో నాలుగు విజిల్స్ రానివ్వు. తర్వాత మంట బాగా తగ్గించి పది నిమిషాలు ఉంచు. విజిల్స్ లెక్క కంటే ఆ సన్నమంట పది నిమిషాలే ముఖ్యం. ఆవిరి దానంతట అది పోవాలి, గరిటెతో విజిల్ లేపి ఆవిరి వదలొద్దు. అట్లా వదిలితే గింజ పగిలి తొక్క ఊడుతుంది కానీ లోపల ఉడకదు.

ఇంకో పొయ్యి మీద సట్టిలో చెనక్కాయ నూనె వేసి ఆవాలు, జీలకర్ర, రెండు ఎండుమిరపకాయలు, చితక్కొట్టిన తెల్లగడ్డ ఆరు రెబ్బలు, కరివేపాకు వెయ్యి. ఎర్రగడ్డ ఒకటి సన్నగా తరిగి ఎర్రబడేదాకా వేగనిచ్చి, టమోటాలు వేసి మగ్గనివ్వు. అప్పుడు వంకాయ ముక్కలు, ఉర్లగడ్డ, పసుపు, కారం, ధనియాల పొడి. ముక్క సగం ఉడికాక కుక్కర్లో గింజలు, ఆ నీళ్ళతో సహా ఇందులో పొయ్యి. చింతపండు చివర. ఇద్దరికి ఉసిరికాయంత చాలు, నిమ్మకాయంత పెడితే నాయనకు గొంతు పట్టుకుంటుంది.

వంకాయ కుక్కర్లో ఎప్పుడూ వెయ్యొద్దు నాయనా. వంకాయకు ఐదారు నిమిషాల పని.


నీళ్ల_లెక్క (అనంతపురం), జనవరి 6, రాత్రి 10:31

గుత్తి అక్క చెప్పింది నిజం. ఒక ప్రశ్న మాత్రం అడగాలి. నానబెట్టడానికి, ఉడికించడానికి ఏ నీళ్ళు వాడుతున్నావు? బోరువా, కుళాయివా, క్యానువా?


పెన్నా_ఒడ్డు (అనంతపురం), జనవరి 6, రాత్రి 10:38

సార్, బోరు నీళ్ళే. మున్సిపల్ కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది, అవి తాగడానికి పట్టి పెట్టుకుంటాం. వంటకు బోరు నీళ్ళేగా అనుకున్నాను.


నీళ్ల_లెక్క (అనంతపురం), జనవరి 6, రాత్రి 11:02

నేను కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి, ఈ జిల్లా నీళ్ళతో పాతికేళ్ళ పరిచయం. మీ గిన్నెలో నీళ్ళు మరిగించినప్పుడు అడుగున తెల్లగా గార కడుతుందా? బాత్‌రూమ్ బకెట్ అంచుకు తెల్ల చార ఉందా? సబ్బు నురగ రావడం కష్టమా? ఈ మూడూ ఉంటే మీవి గట్టినీళ్ళు. నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ అని అర్థం. తాగునీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పెట్టిన హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యం, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటుంది. మన దగ్గర లోతు బోర్లు చాలావాటిలో కాఠిన్యం ఎక్కువే.

దీనికీ పులుసుకూ సంబంధం ఏమిటంటే, గింజలో ఒక కణాన్ని ఇంకో కణానికి అంటించి ఉంచే జిగురు లాంటి పదార్థం పెక్టిన్. వేడికి అది కరిగితేనే గింజ మెత్తబడుతుంది. నీళ్ళలోని కాల్షియం పోయి ఆ పెక్టిన్‌ను పట్టుకుని గట్టి కట్టు కడుతుంది. ఇక అది కరగదు. పులుపు కూడా పెక్టిన్‌ను కరగనివ్వదు. నువ్వు రెండూ ఒకేసారి చేశావు, బోరు నీళ్ళలో చింతపండు పోసి ఉడికించావు. కుక్కర్లో వేడి 120 డిగ్రీల దాకా పోతుంది, అయినా గెలవలేదంటే కారణం అదే.

పరీక్ష చేసి చూడు. గుప్పెడు గింజలు బోరు నీళ్ళలో, గుప్పెడు కుళాయి నీళ్ళలో నానబెట్టు. రెండు చిన్న గిన్నెల్లో పెట్టి ఒకే కుక్కర్లో ఉడికించు. చేత్తో నలిపి చూస్తే నీకే తెలుస్తుంది. కుళాయికి వచ్చే పెన్నహోబిలం రిజర్వాయర్ నీళ్ళు బోరు కంటే చాలా మెత్తన.

బోరు తప్ప దారి లేని రోజు, నీళ్ళు ముందు పది నిమిషాలు తెర్లించి, చల్లార్చి, పైన తేరినవి మాత్రం వంచుకో. కాఠిన్యం కొంత గారగా అడుగున దిగిపోతుంది, పూర్తిగా పోదు. నానబెట్టే నీళ్ళలో లీటరుకు ఒక పెద్ద చెంచా ఉప్పు వేస్తే ఇంకా మేలు. సోడియం పోయి కాల్షియం స్థానంలో కూర్చుంటుంది, తొక్క మెత్తబడుతుంది. పొద్దున ఆ నీళ్ళు పారబోసి, గింజలు రెండు సార్లు కడిగి వండాలి. ఉప్పు వేస్తే గింజ ఉడకదని మన ఇళ్ళల్లో చెప్తారు కానీ నానబెట్టేటప్పుడు వేసిన ఉప్పు మంచే చేస్తుంది. నేను ఏళ్ళుగా అట్లాగే చేస్తున్నాను.


గుత్తి_అక్క (గుత్తి), జనవరి 7, ఉదయం 6:20

సార్, నేను పెండ్లయి వచ్చినప్పటి నుంచీ గింజల్లో ఉప్పు చివరే వేస్తున్నాను. మీరు చెప్పారని రేపు చేసి చూస్తాను. నీళ్ళ సంగతి మాత్రం నా అనుభవమే. మా ఊర్లో చిన్నప్పుడు పప్పుకు వేరే బావి, స్నానానికి వేరే బావి. "పప్పు ఉడికే నీళ్ళు" అని ఒక బావికే పేరు. ఆడవాళ్ళు మైలు దూరం పోయి ఆ నీళ్ళే మోసుకొచ్చేవాళ్ళు. ఎందుకో ఇన్నాళ్ళకు తెలిసింది.


జొన్నచేను (ఆదోని), జనవరి 7, మధ్యాహ్నం 1:15

నేను రైతును. గింజ వైపు నుంచి ఒక మాట చెప్తా. తమ్ముడూ, అలసందలు ఎక్కడ కొన్నావు? ప్యాకెట్టా, విడివా? పాత గింజ ఎంత నానబెట్టినా ఉడకదు. రెండేళ్ళు వేడిలో, తేమలో ఉన్న గింజ లోపలే బిగుసుకుంటుంది, దాన్ని నీళ్ళు మార్చి బాగు చేయలేవు. వేసవిలో రేకుల కొట్టులో మూటలు పెడితే ఆ ఒక్క ఏడాదికే సగం పాడవుతుంది.

కొత్త గింజ ఎట్లా తెలుస్తుందంటే, రంగు తేటగా ఉంటుంది, తొక్క మీద సన్నని మెరుపు ఉంటుంది. పాతది గోధుమరంగుకు తిరిగి కమిలినట్టు కనిపిస్తుంది. పిడికెడు తీసుకుని గుండ్రని చిల్లులు ఉన్నాయేమో చూడు, పురుగు తిన్నవి తేలిపోతాయి. నానబెట్టినాక ఎనిమిది గంటలకు కూడా ఉబ్బకుండా రాయిలాగ మిగిలిన గింజలు ఉంటాయి. వాటిని ఏరి పారెయ్యి. నాయన పంటి కింద పడేవి అవే.

మా వైపు వేరుశెనగ చేలో కంది, అలసంద, అనుము సాళ్ళ మధ్య వేస్తాం. వాన తప్పి వేరుశెనగ బుడ్డలు పోయిన ఏడు కూడా ఇంటికి నాలుగు శేర్లు అలసందలైనా దక్కుతాయి. వేళ్ళకు బుడిపెలు ఉంటాయి కదా, వాటిలో ఉండే సూక్ష్మజీవులు గాలిలో నత్రజనిని పట్టి నేలకు ఇస్తాయి. అందుకే ఆ పంట తీసిన చేలో మరుసటి పైరు బాగుంటుంది. కరువు సీమలో ఇంటింటా ఈ గింజల పులుసే ఎందుకు ఉడికిందో నాకు చేలోనే అర్థమైంది. ఇది పేదింటి కూర అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

మీది తాడిపత్రి దగ్గరే అన్నావు. ఊర్లో ఎవరింట్లోనైనా ఈ ఏటి గింజలు ఉంటాయి, బస్సులో పంపించమను.


వంటింటి_కొత్త (కడప), జనవరి 7, రాత్రి 8:10

ఇంత కష్టం ఎందుకు, చిటికెడు వంట సోడా వేస్తే ఐదు నిమిషాల్లో మెత్తబడతాయి కదా? హాస్టల్లో రాజ్మాకు అట్లాగే చేసేవాళ్ళం.


ఆహారమే_ముందు (కర్నూలు), జనవరి 7, రాత్రి 8:44

సోడా వేస్తే మెత్తబడే మాట నిజమే చెల్లీ. కానీ ఆ క్షారానికి గింజలో బీ1 విటమిన్ చాలావరకు పోతుంది. బీ1 కోసం మనం తినే మంచి ఆహారాల్లో పప్పుగింజలు ఒకటి. పైగా సోడాలో సోడియం ఉంటుంది, బీపీ ఉన్న పెద్దవాళ్ళకు రోజూ మంచిది కాదు. ఎప్పుడో ఒకసారి తప్పనిసరైతే వేరే సంగతి.

రాజ్మా పేరు వచ్చింది కాబట్టి ఒక జాగ్రత్త చెప్పాలి. పచ్చి రాజ్మాలో ఫైటోహీమాగ్లూటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. సరిగా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో అరగంట గలగలా తెర్లాలి. కుక్కర్లో అయితే భయం లేదు. సన్న వేడి మీద గంటల తరబడి ఉంచే కరెంటు పాత్రల్లో మాత్రం పచ్చి రాజ్మా నేరుగా వేయొద్దు, ఆ వేడి చాలదు. అలసందలకు ఈ భయం అంత లేదు, అయినా ఏ గింజైనా పూర్తిగా ఉడకాల్సిందే.

ఇంకొకటి, రాగిముద్దా అలసందల పులుసూ మంచి జత. ధాన్యంలో తక్కువగా ఉండే లైసీన్ అనే ప్రోటీన్ భాగం గింజల్లో ఉంటుంది, గింజల్లో తక్కువగా ఉండే మెథియోనిన్ అనే ఇంకో భాగం ధాన్యంలో ఉంటుంది. రాగుల్లో 100 గ్రాములకు 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం. మాంసం నమలలేని పెద్దాయనకు ఇంతకంటే సులువైన మంచి భోజనం నాకు తోచదు. తినే ముందు నిమ్మకాయ పిండితే గింజలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది.


పెన్నా_ఒడ్డు (అనంతపురం), జనవరి 11, రాత్రి 9:15

నీళ్ల లెక్క సార్ చెప్పిన పరీక్ష చేశాను. రెండు గిన్నెలు, ఒకే కుక్కర్, నాలుగు విజిల్స్, పది నిమిషాలు సన్నమంట. కుళాయి నీళ్ళ గింజలు వేళ్ళతో నొక్కితే వెన్నలాగ నలిగాయి. బోరు నీళ్ళవి అప్పటికీ పలుకుగానే ఉన్నాయి. అదే గింజ, అదే మంట. నాకు నోట మాట రాలేదు. కుళాయి రోజు ఒక బిందె వంటకని పక్కన పెడుతున్నాను.

గుత్తి అక్క చెప్పిన వరసలో పులుసు చేశాను. గింజ మెత్తగా వచ్చింది, వంకాయ ముక్క ముక్కగా ఉంది. నాయన ఈసారి సగానికి పైగా గింజలు తిన్నాడు. సంతోషమే.

కానీ రుచి అమ్మది కాదు. నీళ్ళు వేరుగా, గింజ వేరుగా ఉంది. ముద్ద అద్దితే పులుసు జారిపోతోంది. అమ్మది ముద్దకు పట్టుకునేది. ఏం తక్కువైంది?


కడప_గడప (కడప), జనవరి 11, రాత్రి 9:50

ఉడికిన గింజల్లో రెండు గరిటెలు తీసి పప్పుగుత్తితో ఎనిపి మళ్ళీ అందులోనే కలుపు బ్రదర్. అంతే. మిక్సీలో మాత్రం వేయొద్దు, జిగటగా అవుతుంది. పప్పుగుత్తితో ఎనిపితే కొంత పిండిగా, కొంత పలుకుగా ఉండి పులుసుకు ఒళ్ళు వస్తుంది.

మా ఇంట్లో దాంతో పాటు ఒక ముద్ద నూరి వేస్తారు. ఎండుకొబ్బెర చిన్న ముక్క, ధనియాలు ఒక చెంచా, ఎండుమిరపకాయలు మూడు, తెల్లగడ్డ, చిన్న దాల్చినచెక్క ముక్క, రెండు లవంగాలు. కొంచెం వేయించి రోట్లో నూరాలి. అలసంద వడలు, నాటుకోడి పులుసు చేసే ఇంట్లో పెరిగాను, మాకు ఆ మసాలా ఘాటు లేకపోతే అలసంద అలసందే కాదు.


గుత్తి_అక్క (గుత్తి), జనవరి 12, ఉదయం 6:35

ఎనపడం సరైన మాట. కొబ్బెర, చెక్క, లవంగం మాత్రం ఈ పిల్లోడి ఇంట్లో వేసేవాళ్ళు కాదనుకుంటాను. తాడిపత్రి పల్లెల్లో మా చుట్టాలు ఉన్నారు. వాళ్ళు వేయించిన చెనక్కాయల పొడి ఒక చెంచా వేస్తారు. అది వేస్తే పులుసు చిక్కబడుతుంది, కమ్మగా ఉంటుంది, చెక్కా లవంగాల వాసన అలసంద వాసనను మింగెయ్యదు. కడప గడపా, మీ ఇంటి రుచిని తప్పు పట్టడం లేదయ్యా. వాళ్ళ నాయనకు గుర్తున్న రుచి ఏదో అది వెతకాలి కదా.


కడప_గడప (కడప), జనవరి 12, ఉదయం 8:02

మీరు చెప్పింది న్యాయమే అక్కా. చెనక్కాయ పొడి నేనూ వేసి చూస్తాను. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తా, బెల్లం వేయొద్దు. ఫోన్లో వీడియోలు చూసి మా చెల్లెలు వేసింది. పులుసులో బెల్లం కోస్తా ఇళ్ళల్లో బాగుంటుంది, వాళ్ళ అన్నానికి అది సరిపోతుంది. సంగటికి కారం, పులుపు, ఉప్పు నిలబడాలి. తీపి తగిలితే సంగటి చప్పబడుతుంది.


కొండారెడ్డి_బురుజు (కర్నూలు), జనవరి 12, మధ్యాహ్నం 2:30

మాది కర్నూలు పాతబస్తీ. మా ఇంట్లో అలసందల్ని లోబియా అంటాం. అమ్మీ చింతపండు తక్కువ వేసి, దించే ముందు పుదీనా, కొత్తిమీర కలిపి గుప్పెడు వేస్తుంది. తినేటప్పుడు నిమ్మకాయ. జొన్నరొట్టెలోకి అయితే కాస్త గట్టిగా, అన్నంలోకి అయితే పలుచగా చేస్తుంది. రంజాన్ నెలలో ఇఫ్తార్‌కు ఉడికించిన గింజలే ఎర్రగడ్డ, నిమ్మరసంతో తింటాం. నాన్నగారికి ఎప్పుడైనా మార్పుగా పెట్టి చూడు భాయ్. పుదీనా వేస్తే కడుపుకు తేలిగ్గా ఉంటుందని అమ్మీ మాట.

ఇంకో సలహా. ఎర్రగడ్డ ఒకటి అన్నారు, మేమైతే రెండు వేస్తాం. ఎర్రగడ్డల మార్కెట్ పక్కనే పెట్టుకుని ఒకటితో ఆపలేం. బాగా వేగిన ఎర్రగడ్డ కూడా పులుసును చిక్కబరుస్తుంది.


మడకశిర_చలి (మడకశిర), జనవరి 12, సాయంత్రం 6:48

2022లో మా మడకశిర సత్యసాయి జిల్లాలోకి పోయింది కానీ, నోటికి ఇంకా అనంతపురం జిల్లా అనే వస్తుంది. అందుకే నేనూ మాట్లాడొచ్చనుకుంటా.

మీరంతా ఎండు గింజల గురించే చెప్తున్నారు. ఇది జనవరి! పచ్చి అనపకాయల (అనుముల) కాలం. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా దొరుకుతాయి. మంచు పడిన తెల్లారి కోసిన కాయకు ఒక వాసన ఉంటుంది, ఒలిచిన చేతికి జిడ్డుగా అంటుకుని సబ్బుతో కడిగినా సాయంత్రం దాకా పోదు. మా ఇంట్లో పిల్లలందరం చలి కాచుకుంటూ కాయలు ఒలిచేవాళ్ళం.

పళ్ళు లేని పెద్దాయనకు వీటితో పితికిపప్పు చెయ్యి. ఒలిచిన గింజలు రాత్రి నీళ్ళలో వేస్తే తొక్క వదులవుతుంది. పొద్దున ఒక్కో గింజనూ రెండు వేళ్ళ మధ్య పెట్టి పితికితే లోపలి పప్పు జారి బయటికి వస్తుంది. ఓపిక పని. గ్లాసు పప్పుకు అరగంట పైనే పడుతుంది. కానీ తొక్క ఉండదు, పది నిమిషాల్లో మామూలు గిన్నెలోనే ఉడుకుతుంది, నాలుక మీద కరిగిపోతుంది. ఎర్రగడ్డ, టమోటా, పచ్చిమిరపకాయ, కొత్తిమీర, తెల్లగడ్డ నూరి వేసి పులుసు పెట్టాలి. వంకాయ కూడా పడుతుంది. రాగిముద్దకు దీన్ని మించింది లేదని నా నమ్మకం.

అనంతపురం మార్కెట్లో ఇప్పుడు కుప్పలుగా వస్తుంటాయి. గింజ నిండిన కాయలు ఏరుకో, పలుచని కాయలో పప్పు ఉండదు.


షుగర్_ఇల్లు (నంద్యాల), జనవరి 12, రాత్రి 9:05

మా అమ్మకు షుగర్, దాంతో పాటు కిడ్నీ కూడా కొంచెం దెబ్బతిందని డాక్టర్ చెప్పారు. ఈ పులుసు పెట్టొచ్చా?


ఆహారమే_ముందు (కర్నూలు), జనవరి 12, రాత్రి 9:40

షుగర్ ఒక్కటే అయితే గింజల పులుసు మంచిది, పీచు ఉంటుంది కాబట్టి చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది. ఉర్లగడ్డ మానేసి ఇంకో కూరగాయ వేసుకోవచ్చు. కిడ్నీ సంగతి వేరు. గింజల్లో, టమోటాలో, ఉర్లగడ్డలో పొటాషియం ఎక్కువ, గింజల్లో ప్రోటీన్ కూడా ఎక్కువ. ఎంత తినొచ్చో రక్తపరీక్ష చూసిన మీ డాక్టరే చెప్పాలి. ఇక్కడ ఎవరి మాటా విని పెట్టొద్దమ్మా.


గుత్తి_అక్క (గుత్తి), జనవరి 12, రాత్రి 10:10

పెన్నా ఒడ్డూ, ఒకటి అడుగుతా, గుర్తు చేసుకుని చెప్పు. అమ్మ ఆ పులుసు ఏ వేళప్పుడు చేసేది? మీరు ఏ వేళకు తినేవాళ్ళు?


పెన్నా_ఒడ్డు (అనంతపురం), జనవరి 13, ఉదయం 7:10

అక్కా, అమ్మ చేనికి పోయే ముందే చేసేది. పొద్దున ఆరుకల్లా పొయ్యి ఆర్పేసేది. మేము తినేది మధ్యాహ్నం రెండు దాటినాక, నాయన చేను నుంచి వచ్చినప్పుడు. ముద్ద మాత్రం అప్పుడు వేడిగా కెలికేది. పులుసు మట్టి సట్టిలో ఆరిన పొయ్యి మీదే ఉండేది.


గుత్తి_అక్క (గుత్తి), జనవరి 13, ఉదయం 7:25

అదీ సంగతి. మీరు వేడి పులుసు తిననేలేదు తమ్ముడూ. ఏడెనిమిది గంటలు ఊరిన పులుసు తిన్నారు. నువ్వేమో దించగానే వడ్డిస్తున్నావు, అందుకే నీళ్ళు వేరు, గింజ వేరు. రేపు పొద్దున చేసి పెట్టి మధ్యాహ్నం పెట్టు. రెండు గరిటెల గింజలు ఎనిపి కలుపు, చెనక్కాయ పొడి ఒక చెంచా. ఇంకేమీ వెయ్యొద్దు.


నీళ్ల_లెక్క (అనంతపురం), జనవరి 13, ఉదయం 8:15

అక్క పట్టుకున్న చోటు సరైనది. ఉడికిన గింజలోంచి పిండిపదార్థం పులుసులోకి దిగుతుంది, చల్లారే కొద్దీ చిక్కబడుతుంది. ఉప్పూ పులుపూ గింజ లోపలికి పోవడానికి కూడా గంటలు కావాలి. గింజ ముందే మెత్తగా ఉడికింది కాబట్టి ఇప్పుడు పులుపు దాన్ని ఏమీ చేయలేదు.

అయితే ఒక జాగ్రత్త. ఇది జనవరి కాబట్టి పొద్దుటి పులుసు మధ్యాహ్నానికి బాగానే ఉంటుంది, అప్పుడు కూడా మళ్ళీ బాగా తెర్లించాకే వడ్డించు. మార్చి దాటినాక మన ఎండల్లో అట్లా బయట పెట్టొద్దు. వేడి తగ్గగానే ఫ్రిజ్‌లో పెట్టు, గింజల కూర తొందరగా పులుస్తుంది.


జొన్నచేను (ఆదోని), జనవరి 13, మధ్యాహ్నం 12:40

గింజలు ఊరి నుంచి తెప్పించావా, లేదా?


పెన్నా_ఒడ్డు (అనంతపురం), జనవరి 13, రాత్రి 8:30

తెప్పించాను అన్నా. చిన్నాయన వాళ్ళ ఇంట్లో ఈ ఏటి గింజలు ఉంటే రెండు కిలోలు బస్సులో పంపాడు. రేపు భోగి, సెలవు. పొద్దున్నే చేసి పెడతాను.


పెన్నా_ఒడ్డు (అనంతపురం), జనవరి 14, సాయంత్రం 4:50

పొద్దున ఆరుకు చేశాను. కుళాయి నీళ్ళు, కొత్త గింజలు, నాలుగు విజిల్స్, సన్నమంట పది నిమిషాలు. రెండు గరిటెలు ఎనిపాను. చెనక్కాయ పొడి ఒక చెంచా. చింతపండు చివర. మూత పెట్టి వదిలేశాను. మధ్యలో రెండు సార్లు మూత తీసి చూశాను, తొమ్మిదికి పలుచగా ఉంది, పన్నెండుకు గరిటెకు పట్టుకుంటోంది. రెండింటికి తెర్లించి, ముద్ద వేడిగా కెలికి నాయనకు పెట్టాను.

మొదటి ముద్ద తిని తల ఎత్తాడు. "యాడివిరా ఈ అలసందలు?" అన్నాడు. చిన్నాయన పంపాడని చెప్పాను. ఏ చేనివి, ఎర్రనేలవా, నల్లనేలవా అని అడిగాడు. నాకు తెలియదన్నాను. అప్పటికప్పుడు చిన్నాయనకు ఫోన్ చేయించి కనుక్కున్నాడు. నెల రోజుల్లో నాయన తిండి దగ్గర అన్ని మాటలు మాట్లాడటం ఇదే. ఇంకో ముద్ద అడిగి వేయించుకున్నాడు. తట్ట అంచున ఒక్క గింజ లేదు.

సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి చెనక్కాయ పొడి సంగతి చెప్పాను. "అది వెయ్యకుండా ఎట్లా చేస్తావురా, చెప్పలేదా నేను?" అంది. చెప్పలేదు. పొద్దున చేసి మధ్యాహ్నం పెట్టే సంగతి ఆమెకు ఒక పద్ధతిగా తోచనే లేదు. చేనికి పోవాలి కాబట్టి పొద్దునే చేసేది, అంతే.

ఇప్పుడు నాయన చాట ముందేసుకుని రేపటి గింజలు ఏరుతూ కూర్చున్నాడు. రాళ్ళు, పుచ్చులు తనే చూస్తాడట, నా చూపు మీద నమ్మకం లేదంట. మడకశిర అక్కా, ఈ ఆదివారం అనపకాయలు తెస్తాను. పితికే పని కూడా తనకే ఇమ్మంటున్నాడు.


గుత్తి_అక్క (గుత్తి), జనవరి 14, సాయంత్రం 5:20

చాలా సంతోషం నాయనా. ఏరేటప్పుడు లైటు వెయ్యి, చీకట్లో కళ్ళు లాగుతాయి పెద్దాయనకు. ఈసారి వంకాయలతో పాటు మునక్కాయ రెండు ముక్కలు వేసి చూడు, ముదురుది కాకుండా.